పైథాన్ ఔట్‌పుట్‌ని ఫైల్‌లోకి మళ్లించడం: సమగ్ర మార్గదర్శి

తెరమీద చక్కగా కనబడిన ఫలితం ఫైల్‌లోకి పంపగానే మాయమవుతోందని కొందరు అడుగుతున్నారు. తెలుగు పేర్లు రావాల్సిన చోట ప్రోగ్రామ్ ఎర్రర్‌తో ఆగిపోతోందని ఇంకొందరు, ఎర్రర్ సందేశాలు మాత్రం ఫైల్‌లోకి రాకుండా తెరమీదే ఉండిపోతున్నాయని మరికొందరు. మూడోదాని కారణం 2వ భాగంలో వస్తుంది. మొదటి రెంటికీ వేరు ఒకటే. టెర్మినల్‌కి రాసేటప్పుడు ఒక తీరుగా, ఫైల్‌కో పైప్‌కో (| గుర్తుతో మరో ప్రోగ్రామ్‌కి అందించే దారి) రాసేటప్పుడు మరో తీరుగా పైథాన్ నడుచుకుంటుంది. ఎక్కడెక్కడ మారుతుందో తెలిస్తే మిగతాదంతా వరుసగా చేసుకుపోయే పనే.

రాత పద్ధతి గురించి ఒక మాట. ఇక్కడ కమాండ్లు, పైథాన్ పదాలు పలికినట్టుగా తెలుగులో ఉన్నాయి. టైప్ చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. గుర్తులు, అంకెలు, చుక్కలు ఉన్నవి ఉన్నట్టే. ఫైళ్ల పేర్లు, వేరియబుల్ పేర్లు మాత్రం తెలుగులోనే ఉంచినా లైనక్స్‌గానీ పైథాన్ 3గానీ అభ్యంతరం చెప్పవు.

ఉదాహరణ అంతటికీ ఒకటే స్క్రిప్ట్: మార్కులు.పీవై. అది విద్యార్థుల మార్కుల సీఎస్వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైల్ చదివి, పేరూ మొత్తమూ ఒక్కో వరుసలో ప్రింట్ చేస్తుంది. మార్కు లేని వరుస తగిలితే ఫిర్యాదు చేస్తుంది.

## 1. మొదలుపెట్టే ముందు

మూడు సంగతులు తేల్చుకోండి.

☐ పైథాన్ వెర్షన్ 3.7 లేదా ఆ తర్వాతిదేనా? కింద చెప్పే రీకాన్ఫిగర్ అనే మెథడ్ అంతకుముందు లేదు.

☐ మీరు వాడేది ఏ షెల్ (కమాండ్లు తీసుకుని నడిపే ప్రోగ్రామ్)? లైనక్స్‌లో బ్యాషా, విండోస్‌లో కమాండ్ ప్రాంప్టా, పవర్‌షెలా? పవర్‌షెల్ అయితే 5.1నా, 7 సిరీసా? ఔట్‌పుట్‌ని ఫైల్‌లోకి మళ్లించే > గుర్తు వీటిలో ఒకేలా పనిచేయదు.

☐ ఫైల్‌లోకి వెళ్లాల్సింది ఫలితమా, సందేశాలా, రెండూనా?

మూడోదాన్ని తేల్చుకోకుండా కోడ్‌లోకి దిగితే తర్వాత ప్రతి ప్రింట్‌నీ వెతుక్కుంటూ వెనక్కి రావాల్సి ఉంటుంది.

## 2. ఫలితాన్నీ సందేశాల్నీ విడదీయడం

నడిచే ప్రతి ప్రోగ్రామ్‌కీ మామూలుగా మూడు దారులు తెరిచి ఉంటాయి. 0 ఇన్‌పుట్, 1 ఔట్‌పుట్, 2 ఎర్రర్. పైథాన్‌లో 1 పేరు సిస్.ఎస్టీడీఅవుట్, 2 పేరు సిస్.ఎస్టీడీఎర్. మామూలు ప్రింట్ 1లోకి వెళుతుంది. పైథాన్ ఎర్రర్ వచ్చి ఆగినప్పుడు చూపే ట్రేస్‌బ్యాక్ 2లోకి వెళుతుంది. షెల్‌లో ఉత్త > పెడితే మళ్లేది 1 ఒక్కటే. ఎర్రర్లు తెరమీద మిగిలిపోవడానికి కారణం ఇదే, అది లోపం కాదు.

కాబట్టి స్క్రిప్ట్‌లో ఈ నియమం పెట్టుకోండి: తర్వాతి ప్రోగ్రామ్ చదవాల్సింది 1కి, మనిషి చదవాల్సింది 2కి.

```
ఇంపోర్ట్ సిస్
ప్రింట్(పేరు, మొత్తం)
ప్రింట్("వరుస 14లో మార్కు లేదు", ఫైల్=సిస్.ఎస్టీడీఎర్)
```

"చదువుతున్నాను...", "పూర్తయింది" లాంటివన్నీ 2కే. ఇవి 1లో కలిస్తే రేపు ఆ ఫైల్‌ని తెరిచే మరో స్క్రిప్ట్ "పూర్తయింది" అనే విద్యార్థిని లెక్కలోకి తీసుకుంటుంది.

ప్రోగ్రామ్‌ని తప్పుతో ముగించాలంటే సిస్.ఎగ్జిట్("ఫైల్ దొరకలేదు") అని రాస్తే చాలు. ఆ మాట 2లో పడుతుంది, ఎగ్జిట్ కోడ్ (ముగిసేటప్పుడు షెల్‌కి చెప్పే అంకె, 0 అంటే సరే) 1 అవుతుంది.

ఇన్‌పుట్ ఫంక్షన్ దగ్గర ఒక చిక్కుంది. ఇన్‌పుట్("తరగతి ఎంత? ") అని రాసి ఔట్‌పుట్‌ని మళ్లిస్తే, ఆ ప్రశ్న కూడా ఫైల్‌లోకే పోతుంది. తెరమీద ఏమీ కనబడదు. ప్రోగ్రామ్ బిగుసుకుపోయిందనుకుని ఆపేస్తారు, నిజానికి అది మీ జవాబు కోసం ఎదురుచూస్తోంది. ప్రశ్నని 2కి ప్రింట్ చేసి, ఆ తర్వాత ఇన్‌పుట్‌ని బ్రాకెట్లలో ఏమీ లేకుండా పిలవండి. ఆ ప్రింట్‌లో ఎండ్="" తో పాటు ఫ్లష్=ట్రూ (ఆగకుండా వెంటనే పంపమని) కూడా పెట్టండి.

## 3. షెల్ నుంచి మళ్లించడం

స్క్రిప్ట్‌ని ముట్టుకోకుండా పని అయ్యేట్టయితే బయటినుంచే మళ్లించండి. లోపల కోడ్ రాయాల్సిన అవసరం అనుకున్నంత తరచుగా రాదు. కిందివి కమాండ్ చివర చేర్చేవి.

- `> ఫలితం` : ఫలితం ఫైల్‌లోకి, పాతది చెరిపి
- `>> ఫలితం` : పాతదాని చివర చేర్చుతూ
- `2> తప్పులు` : సందేశాలు మాత్రమే
- `> ఫలితం 2> తప్పులు` : రెండూ, వేర్వేరుగా
- `> అన్నీ 2>&1` : రెండూ ఒకే ఫైల్‌లోకి
- `2> /డెవ్/నల్` : సందేశాలు పారేయడం (నిజంగా అక్కర్లేదనుకుంటేనే)

### 3.1 వరుస తప్పితే

`> అన్నీ 2>&1` సరైనది. `2>&1 > అన్నీ` తప్పు. షెల్ వీటిని ఎడమనుంచి కుడికి అమలు చేస్తుంది. 2>&1 అంటే "ఈ క్షణంలో 1 ఎటు వెళుతోందో 2ని కూడా అటే పంపు" అని మాత్రమే, రెంటినీ శాశ్వతంగా ముడివేయమని కాదు. రెండో రాతలో ఆ క్షణానికి 1 ఇంకా తెరమీదే ఉంది. అందుకని 2 తెరకి వెళుతుంది, ఆ తర్వాత 1 ఒక్కటే ఫైల్‌కి మళ్లుతుంది.

### 3.2 చదివే ఫైల్‌లోకే రాస్తే

```
పైథాన్3 మార్కులు.పీవై జాబితా > జాబితా
```

దీంతో జాబితా పోయినట్టే. పైథాన్ మొదలవక ముందే షెల్ ఆ ఫైల్‌ని తెరిచి ఖాళీ చేస్తుంది. పైథాన్ వచ్చి చదివేసరికి అందులో ఏమీ ఉండదు. వేరే పేరుతో రాసి, సరిగ్గా ముగిస్తేనే పేరు మార్చండి:

```
పైథాన్3 మార్కులు.పీవై జాబితా > జాబితా.కొత్తది && ఎంవీ జాబితా.కొత్తది జాబితా
```

పొరపాటున చెరిపే అలవాటుంటే బ్యాష్‌లో సెట్ -ఓ నోక్లాబర్ పెట్టుకోండి. ఉన్న ఫైల్ మీదికి > ఒప్పుకోదు. కావాలనే చెరపాలనుకుంటే >| వాడాలి.

### 3.3 సుడో పెట్టినా అనుమతి లేదంటే

`సుడో పైథాన్3 మార్కులు.పీవై > /వార్/లాగ్/మార్కులు` అంటే పైథాన్‌కి సుడో వల్ల రూట్ (నిర్వాహకుడి) అధికారం వచ్చింది, ఫైల్ తెరిచేది మాత్రం మీ మామూలు షెల్. దానికి ఆ అధికారం లేదు. ఫలితాన్ని `| సుడో టీ /వార్/లాగ్/మార్కులు` కి పంపండి. వచ్చినదాన్ని తెరమీదా ఫైల్‌లోనూ రాసేది టీ. పైగా పైథాన్‌ని రూట్‌గా నడపాల్సిన పనే ఉండదు.

### 3.4 తెరమీదా ఫైల్‌లోనూ రెండుచోట్లా కావాలంటే

```
పైథాన్3 -యూ మార్కులు.పీవై 2>&1 | టీ అన్నీ
```

చివర చేర్చాలంటే టీ -ఏ. ఇక్కడ మరిచిపోయేది ఎగ్జిట్ కోడ్. పైప్ పెట్టగానే షెల్ చివరి కమాండ్ ఫలితాన్నే చెబుతుంది. పైథాన్ కూలిపోయినా టీ హాయిగా ముగిసింది కాబట్టి 0 వస్తుంది. బ్యాష్ స్క్రిప్ట్ పైభాగంలో సెట్ -ఓ పైప్‌ఫెయిల్ రాస్తే పైథాన్ వైఫల్యం బయటపడుతుంది.

## 4. ఫైల్ ఖాళీగా ఉంటే: బఫర్

టెర్మినల్‌కి రాసేటప్పుడు పైథాన్ ప్రతి వరుసనీ వెంటనే పంపుతుంది. ఫైల్‌కో పైప్‌కో అయితే మూట (బఫర్) కట్టి, నిండాక పంపుతుంది. చాలా వెర్షన్లలో ఈ మూట 8192 బైట్లు. తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ ఒక్కోదానికి 3 బైట్లు కాబట్టి దాదాపు 2700 గుర్తులు చేరేదాకా ఫైల్‌లో ఒక్క వరుసా కనబడకపోవచ్చు. గంటసేపు నడిచే స్క్రిప్ట్‌ని టెయిల్ -ఎఫ్ (ఫైల్ చివర కొత్తగా చేరేవి చూపే కమాండ్) తో చూస్తూ కూర్చుంటే ఏమీ జరగనట్టే ఉంటుంది.

మామూలుగా ముగిస్తే మూట చివర ఖాళీ అవుతుంది కాబట్టి నష్టం లేదు. కంట్రోల్-సీ నొక్కినా ఫరవాలేదు. కానీ కిల్ కమాండ్‌తో ఆపితే, అది -9 కాని మామూలు కిల్ అయినా సరే, స్క్రిప్ట్‌లో ఆ సిగ్నల్‌ని పట్టుకునే ఏర్పాటు లేకపోతే మూటలో మిగిలిందంతా పోతుంది. చిట్టచివరి వరుసలే పోతాయి. ఎందుకు ఆగిందో తెలుసుకోవడానికి కావాల్సినవీ అవే.

నాలుగు మార్గాలున్నాయి. మీ పనికి తగింది ఎంచుకోండి.

- ఒకట్రెండు చోట్లే కావాలంటే: ప్రింట్("1000 వరుసలు అయ్యాయి", ఫ్లష్=ట్రూ)
- ప్రతి వరుసా వెంటనే కావాలంటే, స్క్రిప్ట్ మొదట్లో: సిస్.ఎస్టీడీఅవుట్.రీకాన్ఫిగర్(లైన్_బఫరింగ్=ట్రూ)
- స్క్రిప్ట్ మార్చకుండా: పైథాన్3 -యూ మార్కులు.పీవై > ఫలితం
- కంటెయినర్లలోనో సర్వీసుల్లోనో: పైథాన్‌అన్‌బఫర్డ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 1 ఇవ్వండి (ప్రోగ్రామ్ నడిపే ముందు బయట పెట్టే విలువ ఇది; పేరు మొత్తం పెద్ద అక్షరాల్లో, ఖాళీల్లేకుండా)

లక్షల వరుసలు రాసే స్క్రిప్ట్‌కి -యూ పెట్టకండి. ప్రతి చిన్న రాతకీ ఆపరేటింగ్ సిస్టమ్‌ని పిలవాల్సి వచ్చి నెమ్మదిస్తుంది. అక్కడ మూటే మేలు.

ఎస్టీడీబఫ్ -ఓఎల్ ముందు పెట్టినా మార్పు లేదని అడుగుతుంటారు. అది సీ లైబ్రరీ బఫర్‌ని మార్చే పనిముట్టు. పైథాన్ 3 తన బఫర్‌ని తనే చూసుకుంటుంది కాబట్టి దానికి పట్టదు.

ఫైల్‌లో వరుసలు తారుమారుగా రావడానికి కూడా ఈ మూటే కారణం. స్క్రిప్ట్ "మొదలు" అని ప్రింట్ చేసి, సబ్‌ప్రాసెస్.రన్ తో మరో ప్రోగ్రామ్‌ని పిలిచిందనుకోండి. ఆ ప్రోగ్రామ్ రాసింది ముందు పడుతుంది, మీ "మొదలు" చివర్లో వస్తుంది. పిలిచే ముందు సిస్.ఎస్టీడీఅవుట్.ఫ్లష్() ఒక్క వరుస చేరిస్తే సర్దుకుంటుంది. 1ని, 2ని ఒకే ఫైల్‌లోకి పంపినప్పుడు ఎర్రర్లు ముందే పడటం కూడా ఇలాంటిదే. పైథాన్ 3.9 నుంచి 2 ఎప్పుడూ వరుసవారీగానే వెళుతుంది, 1 మూటలో ఆగి ఉంటుంది.

## 5. తెలుగు అక్షరాలు చెదిరితే

లైనక్స్‌లో ఇప్పటి మామూలు ఇన్‌స్టలేషన్లలో అంతా యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాల్నీ బైట్లుగా రాసే పద్ధతి) కాబట్టి ఈ గొడవ దాదాపు ఉండదు. విండోస్‌లో ఉంటుంది.

పైథాన్ 3.6 నుంచి విండోస్ కన్సోల్‌కి నేరుగా యూనికోడ్‌లో రాస్తుంది. అందుకే తెరమీద తప్పు రాదు. అదే ఔట్‌పుట్‌ని ఫైల్‌కి మళ్లించగానే సిస్టమ్ కోడ్ పేజీకి (కొద్ది అక్షరాలే పట్టే పాత పట్టిక) మారిపోతుంది. ఇంగ్లీషు సెట్టింగులతో ఉన్న కంప్యూటర్లలో అది 1252. అందులో తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. మొదటి తెలుగు పేరు దగ్గరే యూనికోడ్‌ఎన్‌కోడ్‌ఎర్రర్ వస్తుంది, సందేశంలో చార్‌మ్యాప్ అనే మాట ఉంటుంది. ఆ మాట కనబడిందంటే రోగం ఇదే, మరో దానికోసం వెతకక్కర్లేదు.

### 5.1 సరిచేయడం

స్క్రిప్ట్ పదిమందికి ఇచ్చేదైతే దాని మొదట్లోనే:

```
సిస్.ఎస్టీడీఅవుట్.రీకాన్ఫిగర్(ఎన్‌కోడింగ్="యూటీఎఫ్-8")
సిస్.ఎస్టీడీఎర్.రీకాన్ఫిగర్(ఎన్‌కోడింగ్="యూటీఎఫ్-8", ఎర్రర్స్="బ్యాక్‌స్లాష్‌రీప్లేస్")
```

రెండో వరుసలో ఎర్రర్స్ ఎందుకంటే, ఎన్‌కోడింగ్ ఒక్కటే ఇస్తే పైథాన్ ఎర్రర్స్‌ని కఠిన పద్ధతికి మార్చేస్తుంది. తప్పు చెప్పాల్సిన దారి తనే తప్పుతో ఆగిపోకూడదు.

మీ ఒక్కరి కంప్యూటర్‌లో అయితే పైథాన్‌యూటీఎఫ్8 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 1 ఇవ్వడం తేలిక. దీంతో ఓపెన్ ఫంక్షన్ కూడా ఎన్‌కోడింగ్ చెప్పకపోయినా యూటీఎఫ్-8 వాడుతుంది. పైథాన్ 3.15 నుంచి ఇదే మామూలు పద్ధతి కావాలన్నది తీసుకున్న నిర్ణయం. అప్పటిదాకా చేత్తో పెట్టుకోవాల్సిందే.

ఎర్రర్స్="రీప్లేస్" పెట్టి తప్పించుకోవద్దు. ఎర్రర్ పోతుంది, ప్రతి తెలుగు అక్షరం చోటా ప్రశ్నార్థకం మిగులుతుంది. ఆ ఫైల్‌నుంచి పేర్లని వెనక్కి తెచ్చే మార్గం లేదు. ఆగిపోయిన స్క్రిప్ట్ కంటే ఇదే ఎక్కువ నష్టం.

### 5.2 పవర్‌షెల్ 5.1

విండోస్‌తో వచ్చే ఈ పవర్‌షెల్‌లో > గుర్తు పైథాన్ పంపిన బైట్లని యథాతథంగా రాయదు. ముందు కన్సోల్ కోడ్ పేజీ ప్రకారం చదివి అక్షరాలుగా మారుస్తుంది, వాటిని మళ్లీ యూటీఎఫ్-16లో రాస్తుంది. పైథాన్ వైపు అంతా సరిగ్గా ఉన్నా మధ్యలో చెడుతుంది.

తప్పించుకోవడానికి మూడు దారులు:

- కమాండ్ ప్రాంప్ట్ నుంచి నడపండి. అక్కడ > బైట్లని ముట్టుకోదు.
- పవర్‌షెల్ 7.4 లేదా ఆ పైది వాడండి. బయటి ప్రోగ్రామ్ బైట్లని అది ఉన్నవి ఉన్నట్టు ఫైల్‌లో పెడుతుంది.
- మళ్లింపు మానేసి, స్క్రిప్ట్ చేతే ఫైల్ రాయించండి (6.1 చూడండి).

### 5.3 బైట్లు లెక్కపెట్టి నిర్ధారించుకోవడం

ఫైల్ తెరిచి కళ్లతో చూస్తే ఎడిటర్ తనకి తోచినట్టు ఊహించి చూపిస్తుంది, నమ్మలేం. ప్రింట్("తెలుగు") అనే ఒక్క వరుస స్క్రిప్ట్‌ని మళ్లించి ఫైల్ పరిమాణం చూడండి. ఆ మాటలో 6 యూనికోడ్ గుర్తులున్నాయి, అంటే 18 బైట్లు.

- 19 బైట్లు: సరే. లైనక్స్ వరుస ముగింపు 1 బైట్.
- 20 బైట్లు: సరే. విండోస్ వరుస ముగింపు 2 బైట్లు.
- 42 బైట్లు: పవర్‌షెల్ 5.1 చెడగొట్టింది. 18 బైట్లనీ 18 విడి అక్షరాలుగా చదివి ఒక్కోదానికి 2 బైట్లు రాసింది. ముందు 2 బైట్ల గుర్తు, చివర 4 బైట్ల ముగింపు.
- 0 బైట్లు: ఎన్‌కోడింగ్ ఎర్రర్‌తో ఆగింది.

### 5.4 ఎక్సెల్‌లో తెరిచే సీఎస్వీ

ఎక్సెల్ కోసమైతే మళ్లింపు మీద ఆధారపడకండి. రెండు కారణాలు. మొదటిది, ఫైల్ ముందు యూటీఎఫ్-8 గుర్తు లేకపోతే డబుల్ క్లిక్‌తో తెరిచినప్పుడు తెలుగు పిచ్చి అక్షరాలుగా కనబడుతుంది. రెండోది, సీఎస్వీ రైటర్ తనే విండోస్ తరహా ముగింపు రాస్తుంది, విండోస్‌లో స్టాండర్డ్ ఔట్‌పుట్ దానికి ఇంకో గుర్తు కలుపుతుంది. ఫలితంగా వరుసకీ వరుసకీ మధ్య ఖాళీ వరుస వస్తుంది. రెంటికీ మందు:

```
ఓపెన్("మార్కులు.సీఎస్వీ", "డబ్ల్యూ", ఎన్‌కోడింగ్="యూటీఎఫ్-8-సిగ్", న్యూలైన్="")
```

## 6. ప్రోగ్రామ్ లోపలినుంచి మళ్లించడం

### 6.1 మీ కోడే అయితే

ఫైల్ తెరిచి, ప్రింట్‌కి ఇవ్వండి. ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

```
విత్ ఓపెన్("ఫలితం", "డబ్ల్యూ", ఎన్‌కోడింగ్="యూటీఎఫ్-8") యాజ్ ఫ:
    ప్రింట్(పేరు, మొత్తం, ఫైల్=ఫ)
```

ఫంక్షన్‌కి ఫైల్‌ని ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చేటప్పుడు డెఫ్ నివేదిక(ఎక్కడికి=సిస్.ఎస్టీడీఅవుట్) అని రాయకండి. ఆ విలువ ఫంక్షన్ నిర్వచించిన క్షణంలోనే స్థిరపడిపోతుంది. తర్వాత ఎవరు ఔట్‌పుట్‌ని మళ్లించినా ఈ ఫంక్షన్‌కి తెలియదు. ఎక్కడికి=నన్ అని రాయండి చాలు. ప్రింట్‌కి ఫైల్=నన్ ఇస్తే, అప్పుడు ఉన్న ఎస్టీడీఅవుట్‌నే వాడుకుంటుంది.

### 6.2 వేరొకరి కోడ్ ప్రింట్ చేస్తుంటే

లోపలి ప్రింట్‌లని మార్చే వీలు లేనప్పుడు కాంటెక్స్ట్‌లిబ్ మాడ్యూల్‌లోని రీడైరెక్ట్_ఎస్టీడీఅవుట్ వాడండి. ఫైల్ బదులు ఐఓ.స్ట్రింగ్‌ఐఓ() ఇస్తే ఔట్‌పుట్ మెమరీలోకి చేరుతుంది:

```
బుట్ట = ఐఓ.స్ట్రింగ్‌ఐఓ()
విత్ రీడైరెక్ట్_ఎస్టీడీఅవుట్(బుట్ట):
    పాత_నివేదిక()
పాఠం = బుట్ట.గెట్‌వాల్యూ()
```

సిస్.ఎస్టీడీఅవుట్ = ఫ అని నేరుగా రాయడం కూడా ఇదే పని చేస్తుంది. కానీ మధ్యలో ఎర్రర్ వస్తే పాత స్థితికి తిరిగిరాదు. విత్ వాడితే ఎర్రర్ వచ్చినా తిరిగొస్తుంది.

ఇది పట్టుకోలేనివి:

- లాగింగ్ సందేశాలు. స్ట్రీమ్‌హ్యాండ్లర్ తయారైనప్పుడే తన దారిని దాచుకుంటుంది. పైగా అది రాసేది 2కి.
- ఫ్రమ్ సిస్ ఇంపోర్ట్ ఎస్టీడీఅవుట్ అని ముందే తెచ్చుకున్న కోడ్.
- సబ్‌ప్రాసెస్‌లు, సీ భాషలో రాసిన లైబ్రరీలు. ఇవి పైథాన్ వస్తువుని కాదు, నేరుగా 1వ నంబర్ దారిని వాడతాయి.

ఇంకో జాగ్రత్త: ఈ మళ్లింపు ప్రోగ్రామ్ మొత్తానికీ వర్తిస్తుంది. అదే సమయంలో మరో థ్రెడ్ ప్రింట్ చేసిందంతా మీ బుట్టలోనే పడుతుంది. థ్రెడ్‌లున్న సర్వర్ కోడ్‌లో దీన్ని వాడకండి.

### 6.3 సబ్‌ప్రాసెస్ ఔట్‌పుట్

సబ్‌ప్రాసెస్.రన్ కే ఎస్టీడీఅవుట్=ఫ ఇవ్వండి. ఇక్కడ స్ట్రింగ్‌ఐఓ పనికిరాదు, నిజమైన ఫైల్ కావాలి. మెమరీలోకి కావాలంటే క్యాప్చర్_ఔట్‌పుట్=ట్రూ, ఎన్‌కోడింగ్="యూటీఎఫ్-8" ఇచ్చి, వచ్చిన ఫలితంలో .ఎస్టీడీఅవుట్ చదవండి.

### 6.4 సీ లైబ్రరీ రాతల్ని పట్టుకోవడం

ఇది ఆఖరి అస్త్రం. 1వ నంబర్ దారినే మార్చడం:

```
సిస్.ఎస్టీడీఅవుట్.ఫ్లష్()
పాత = ఓఎస్.డూప్(1)
ఓఎస్.డూప్2(ఫ.ఫైల్‌నో(), 1)
ట్రై:
    లైబ్రరీ_పని()
ఫైనలీ:
    సిస్.ఎస్టీడీఅవుట్.ఫ్లష్()
    ఓఎస్.డూప్2(పాత, 1)
    ఓఎస్.క్లోజ్(పాత)
```

రెండు ఫ్లష్‌లూ తప్పనిసరి. మొదటిది మరిస్తే ముందు ప్రింట్ చేసినవి ఫైల్‌లో పడతాయి, రెండోది మరిస్తే ఫైల్‌కి చేరాల్సినవి తెరమీద పడతాయి. సీ లైబ్రరీకి తన సొంత బఫర్ ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. దాన్ని ఖాళీ చేయించే ఫంక్షన్ ఆ లైబ్రరీలో ఉంటే ఫైనలీలో ముందు దాన్నే పిలవండి.

## 7. పైప్ మధ్యలో తెగితే

`పైథాన్3 మార్కులు.పీవై | హెడ్ -5` అంటే హెడ్ ఐదు వరుసలు తీసుకుని వెళ్లిపోతుంది. ఔట్‌పుట్ పెద్దదైతే పైథాన్ బ్రోకెన్‌పైప్‌ఎర్రర్ చూపిస్తుంది. ప్రమాదమేమీ లేదు, చూడ్డానికి బాగోదంతే. ముఖ్య ఫంక్షన్‌ని ట్రైలో పెట్టి, దాని చివర ఒక ఫ్లష్ పిలిచి, ఈ ఎర్రర్‌ని పట్టుకుని, 1వ దారిని /డెవ్/నల్ కి డూప్2 చేసి, సిస్.ఎగ్జిట్(1) తో ముగించండి. డూప్2 వదిలేస్తే పైథాన్ ముగిసేటప్పుడు మిగిలిన మూటని పంపబోయి అదే ఎర్రర్ మళ్లీ చూపుతుంది.

రంగుల అక్షరాలు వాడే స్క్రిప్ట్‌లైతే సిస్.ఎస్టీడీఅవుట్.ఈజ్‌ఎటీటీవై() అడిగి, టెర్మినల్ కాదంటే రంగులు ఆపేయండి. లేకపోతే ఫైల్ నిండా [31మ్ లాంటి చెత్త చేరుతుంది.

## 8. క్రాన్‌లో పెట్టేటప్పుడు

లైనక్స్‌లో చెప్పిన వేళకి కమాండ్లు నడిపే ఏర్పాటే క్రాన్. ఈ వరుస రోజూ ఉదయం 6:30కి నడుస్తుంది:

```
30 6 * * * /యూఎస్ఆర్/బిన్/పైథాన్3 /హోమ్/బడి/మార్కులు.పీవై >> /హోమ్/బడి/రోజువారీ 2>&1
```

☐ రెండు ఫైళ్లకీ పూర్తి దారి రాశారా? క్రాన్ మీ ఫోల్డర్‌లో మొదలవ్వదనుకుని రాయడమే మంచిది.

☐ &> వాడలేదు కదా? అది బ్యాష్ రాత. క్రాన్ వాడేది /బిన్/ఎస్‌హెచ్. ఉబుంటు, డెబియన్లలో అది డ్యాష్. డ్యాష్‌కి `కమాండ్ &> ఫైల్` అంటే "కమాండ్‌ని వెనక నడిపించు, ఫైల్‌ని ఖాళీ చెయ్" అని అర్థం. ఎర్రర్ ఏమీ రాదు, ఫైల్ మాత్రం ఎప్పుడూ ఖాళీ.

☐ ఫైల్ పేరులో తేదీ పెడుతున్నారా? క్రాన్ వరుసలో % గుర్తు కొత్త వరుసగా మారిపోతుంది. \% అని రాయండి.

☐ లాగ్‌రొటేట్‌లో (పెరిగిన లాగ్ ఫైళ్లని పక్కకి తీసే పనిముట్టు) కాపీట్రంకేట్ (ఫైల్‌కి కాపీ తీసి, అసలుదాన్ని ఖాళీ చేసే పద్ధతి) వాడుతున్నారా? అయితే రోజుల తరబడి ఆగకుండా నడిచే స్క్రిప్ట్‌కి >> తప్పనిసరి. > తో తెరిచి ఉంటే, ఫైల్‌ని ఖాళీ చేశాక కూడా ప్రోగ్రామ్ పాత స్థానంనుంచే రాస్తుంది. ఫైల్ ముందు భాగమంతా శూన్య బైట్లతో నిండుతుంది.

విండోస్‌లో కన్సోల్ కిటికీ లేకుండా పైథాన్‌డబ్ల్యూతో నడిపే స్క్రిప్ట్‌లకి సిస్.ఎస్టీడీఅవుట్ నన్ అయి ఉండవచ్చు. అప్పుడు ప్రింట్ చప్పుడు చేయకుండా ఏమీ రాయదు. అలాంటివాటిలో 6.1 పద్ధతే వాడండి.

## 9. వదిలిపెట్టే ముందు నాలుగు పరీక్షలు

☐ `> ఒకటి 2> రెండు` తో నడిపి, ఒకటిలో సందేశాలుగానీ, రెండులో ఫలితాలుగానీ లేవని చూడండి.

☐ `| క్యాట్` కి పంపి, నేరుగా టెర్మినల్‌లో వచ్చినదానితో పోల్చండి. తేడా ఉంటే రంగులో, వరుస క్రమమో, ఎన్‌కోడింగో కారణం.

☐ నడుస్తుండగా మధ్యలో కిల్‌తో ఆపి, ఫైల్‌లో చివరి వరుస ఎంతవరకు చేరిందో చూడండి. మీరు భరించగల నష్టమేనా?

☐ లైనక్స్‌లో `> /డెవ్/ఫుల్` కి పంపి, వెంటనే `ఎకో $?` కొట్టండి. ఈ పరికరం ఎప్పుడూ డిస్క్ నిండిందనే చెబుతుంది. ఔట్‌పుట్ చిన్నదైతే రాత ముగింపులోనే విఫలమై ఎగ్జిట్ కోడ్ 120 వస్తుంది, పెద్దదైతే మధ్యలోనే ఎర్రర్ వచ్చి ఆగుతుంది, అప్పుడూ 0 కాని కోడే వస్తుంది. 0 వచ్చిందంటే స్క్రిప్ట్‌లో ఎక్కడో ఎక్సెప్ట్: పాస్ రాసి తప్పుని మింగేస్తున్నారు. దాన్ని వెతికి తీసేయండి.